తెలుగు పత్రం, తెలుగు స్లైడు: దృశ్యరూపకల్పనలోని మూలసూత్రాలు

వ్యాససంగ్రహం

పరిశోధన పత్రాలకూ ప్రదర్శనలకూ సంబంధించిన దృశ్యరూపకల్పన సూత్రాలు ఎక్కువగా ఇంగ్లీషు లిపిని దృష్టిలో పెట్టుకొని రూపొందినవి. అక్షరానికి పైనా కిందా గుర్తులు చేరే తెలుగు లిపికీ, క్రియ చివర వచ్చే తెలుగు వాక్యానికీ అవి ఎంతవరకు వర్తిస్తాయో, ఎక్కడ సవరించుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. నల్లగొండ జిల్లా త్రిపురారం పరిసరాల నాట్ల పాటలపై ఒక ఊహాత్మక స్లైడును ఉదాహరణగా తీసుకుంటుంది.

కీలకపదాలు: దృశ్యరూపకల్పన, తెలుగు లిపి, యూనికోడ్, ఫాంటు, స్లైడు, సిద్ధాంతగ్రంథం, త్రిపురారం.

1. ఉపోద్ఘాతం

త్రిపురారం, నిడమనూరు, హాలియా, మిర్యాలగూడ పరిసరాలు నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. అక్కడి ఊళ్లలో నాట్లేసేటప్పుడు స్త్రీలు పాడే పాటలను ఏళ్ల తరబడి సేకరించిన ఒక పరిశోధకురాలిని ఊహించవచ్చు. సదస్సులో ఆమెకు దొరికేది పది నిమిషాలు. మధ్యాహ్నం వేళ, కిటికీలకు తెరలు లేని తరగతి గది, వెలుగు తగ్గిన ప్రొజెక్టరు. తెర మీద పచ్చని పొలం ఫోటో, దాని మీద పసుపు రంగు అక్షరాల్లో తొమ్మిది పంక్తులు, పైన "పరిచయం" అనే శీర్షిక. మూడో వరుస దాటాక కూర్చున్నవారికి అందులో ఒక్క వత్తు కూడా ఆనదు. ఆమె పంక్తులను చదువుతూ పోతుంది. ఆరో స్లైడు దగ్గర అధ్యక్షులు గంట కొడతారు. అసలు వాదన తొమ్మిదో స్లైడులో ఉంది.

ఇటువంటి సందర్భంలో నష్టపోయేది అందం కాదు. సేకరణలో పడిన శ్రమ, పాడినవారి గొంతు, వాటి నుంచి తేలిన విషయం సభకు చేరకుండానే ముగిసిపోతాయి. సిద్ధాంతగ్రంథం విషయంలోనూ పరిస్థితి ఇంతే. పరీక్షకుడు వందల పుటలు చదవాలి. ఏది ప్రధానమో, ఏది ఉపాంగమో పుటే చెప్పకపోతే ఆయన తన ఓపిక మేరకు ఊహించుకుంటాడు. దృశ్యరూపకల్పన అంటే అలంకారమనే అభిప్రాయం మన విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఇంకా బలంగానే ఉంది. నిజానికి అది పాఠకుడి కన్ను ముందు దేని మీద పడాలి, తర్వాత దేని మీదకు వెళ్లాలి అన్న నిర్ణయం. ఆ నిర్ణయం రచయిత తీసుకోకపోతే సాఫ్ట్‌వేరు తీసుకుంటుంది.

2. నాలుగు సూత్రాలు

ఈ విషయంలో పునాది వేసినది మనస్తత్వశాస్త్రం. దగ్గరగా ఉన్నవాటిని, ఒకేలా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా గ్రహిస్తుందని మాక్స్ వెర్థైమర్ 1923లో ప్రచురించిన వ్యాసంలో చుక్కల బొమ్మలతో చూపాడు. ఈ గ్రహణ నియమాలే తర్వాతి కాలంలో పుటల రూపకల్పనకు ఆధారమయ్యాయి. డిజైనర్లు కానివారి కోసం రాబిన్ విలియమ్స్ 1994లో వెలువరించిన పుస్తకం నాలుగు సూత్రాలను ప్రచారంలోకి తెచ్చింది: భేదం, పునరావృత్తి, సమరేఖ, సామీప్యం.

వేరువేరు విషయాలు స్పష్టంగా వేరుగా కనబడాలన్నది భేదం. 14, 15 పాయింట్ల మధ్య తేడా పాఠకుడికి పొరపాటులా తోస్తుంది. 14, 20 మధ్య తేడా ఉద్దేశంగా కనబడుతుంది. ఒకే స్థాయి శీర్షిక గ్రంథమంతటా ఒకే రూపంలో ఉండాలన్నది పునరావృత్తి. పుట మీద ప్రతి అంశం మరో అంశంతో ఏదో ఒక అంచున కలవాలన్నది సమరేఖ. ఇక సామీప్యం అన్నిటికంటె తేలికైనది, అన్నిటికంటె ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యేది. శీర్షికకు పైన ఎంత ఖాళీ ఉందో కింద కూడా అంతే ఉంటే, ఆ శీర్షిక పై పేరాదో కింది పేరాదో తెలియదు. పైన ఎక్కువ, కింద తక్కువ ఖాళీ ఉంచితే చాలు.

ఖాళీ స్థలం వృథా అనే భావనకు మన లేఖన చరిత్రలో పాత వేళ్లున్నాయి. తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ వదిలే అలవాటు లేదు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఉన్నటువంటి కాకతీయుల కాలపు శాసనాల్లోనూ అక్షరాలు ఎడతెగకుండా సాగిపోతాయి. వాటిని పరిష్కరించేవారు పదచ్ఛేదం కోసం ఎంత శ్రమపడతారో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ శ్రమను నేటి సదస్సులోని శ్రోతకు అప్పగించడం న్యాయం కాదు.

3. తెలుగు అక్షరానికి కావలసిన చోటు

పై సూత్రాలు ఏ లిపికైనా వర్తిస్తాయి. వాటిని అమలుపరచే పనిముట్లు మాత్రం లిపిని బట్టి మారతాయి. ఇంగ్లీషు రచయితకు పెద్దబడి అక్షరాలున్నాయి, గ్రంథనామాలకు వాలు అక్షరాల సంప్రదాయం ఉంది. తెలుగులో ఈ రెండూ లేవు. కంప్యూటరు తెలుగు అక్షరాన్ని వాల్చగలదు. కానీ చాలా సందర్భాల్లో అది ఎవరూ గీసిన వాలు రూపం కాదు, నిలువు అక్షరాన్ని యాంత్రికంగా పక్కకు ఒరగదోసినది. గుండ్రని తెలుగు అక్షరం అలా ఒరిగితే చూపుకు ఇబ్బందే తప్ప ప్రత్యేకత రాదు. గ్రంథనామాలకు ఉల్లేఖన చిహ్నాలే మేలు.

బోల్డ్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. విడిగా బోల్డ్ రూపం లేని ఫాంటుకు ఆ బొత్తాం నొక్కితే సాఫ్ట్‌వేరు గీతలను ఉబ్బిస్తుంది. ఘ, ఝ, ణ వంటి అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంట్లకు సన్నం నుంచి మందం వరకు అనేక రూపాలు విడివిడిగా ఉన్నాయి కనుక అక్కడ ఈ సమస్య లేదు. అడుగుగీత మరీ చెడ్డది. ఇంగ్లీషులో అక్షరాల కింద సాఫీగా సాగే ఆ గీత తెలుగులో వత్తుల మధ్య నుంచి పోతుంది. "శాస్త్రం", "రాష్ట్రం" వంటి మాటల కింద గీత గీసి చూస్తే సంగతి తెలుస్తుంది. టైపు మిషను కాలంలో నొక్కిచెప్పడానికి వేరే మార్గం లేక వచ్చిన అలవాటు అది. కారణం పోయినా అలవాటు మిగిలింది.

అక్షర పరిమాణం గురించి ప్రతి విశ్వవిద్యాలయ నిబంధనావళీ ఏదో ఒక సంఖ్య చెబుతుంది. పాయింటు అంటే నేటి కంప్యూటరు లెక్కలో అంగుళంలో 72వ వంతు. అయితే అది అక్షరం ఎత్తు కాదు. లోహపు అచ్చుల కాలంలో అక్షరాన్ని మోసే దిమ్మె ఎత్తుకు వారసత్వంగా వచ్చిన కొలత. ఆ దిమ్మెలో అక్షరం ఎంత చోటు ఆక్రమించాలన్నది ఫాంటు రూపకర్త ఇష్టం. అందుకే తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, విండోస్‌తో వచ్చే గౌతమి, నిర్మలా యూఐ మూడింటినీ 12 పాయింట్లలో పక్కపక్కన పెడితే మూడు పరిమాణాలుగా కనబడతాయి. ఫాంటు పేరు చెప్పకుండా "12 పాయింట్లు" అనే నిబంధనకు అర్థం లేదు.

అర్థం అన్న మాటే మంచి ఉదాహరణ. "అర్థం" అంటే తాత్పర్యం, "అర్ధం" అంటే సగం. ఈ రెండింటి మధ్య తేడా అంతా పంక్తి కిందికి దిగిన వత్తులోని ఒక చిన్న గుర్తులో ఉంది. ద, ధ, థ, బ, భ, చ, ఛ, డ, ఢ జంటలూ ఇటువంటివే. ఇంగ్లీషు అక్షరం మసకబారినా దాని ఆకారం మిగులుతుంది. తెలుగులో మసకబారితే ముందు పోయేది మాటను మార్చే చిన్న గుర్తే. కాబట్టి స్లైడు మీద పరిమాణాన్ని పెద్ద అక్షరాన్ని చూసి కాదు, దానిలోని అతిచిన్న గుర్తును చూసి నిర్ణయించాలి. గది చివరి బెంచీ దగ్గర నిలబడి "అర్థం", "అర్ధం" వేరుగా చదవగలిగితే ఆ పరిమాణం సరిపోయినట్టు.

పంక్తుల మధ్య దూరం మరో ముఖ్య విషయం. పై పంక్తిలోని వత్తులు, కింది పంక్తిలోని గుడులు ఒకే ఖాళీ కోసం పోటీపడతాయి. ఇంగ్లీషుకు సరిపోయే సింగిల్ స్పేసింగ్ తెలుగులో ఇరుకవుతుంది. ఫాంటును బట్టి 1.3 నుంచి 1.5 రెట్ల వరకు ఇస్తే పంక్తి ఊపిరి తీసుకుంటుంది. వర్డ్‌లో పంక్తి దూరాన్ని "ఎగ్జాక్ట్‌లీ" అనే ఎంపికతో బిగించినా, పట్టికలో అడ్డువరుస ఎత్తును బిగించినా వత్తులు తెగిపోయే ప్రమాదముంది. ముద్రిత గ్రంథాల్లో క్రారవడి సగమే కనబడడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండు అంచులూ సమంగా ఉండాలన్న పట్టుదల కూడా తెలుగుకు అంతగా నప్పదు. సంధులతో, సమాసాలతో మన మాటలు పొడవు. పంక్తి చివర పట్టని పొడవైన మాట మొత్తంగా కింది పంక్తికి జారితే, మిగిలిన నాలుగైదు మాటలు అంచును అందుకోవడానికి దూరదూరంగా జరుగుతాయి. పాత అచ్చు పుస్తకాల్లో మాటను అక్షరం దగ్గర విరిచి చిన్న గీత పెట్టేవారు; నేడు సామాన్యంగా వాడే సాఫ్ట్‌వేర్లలో తెలుగుకు ఆ పని సవ్యంగా జరగదు. ఎడమ అంచు మాత్రమే సమంగా ఉంచడం, ముఖ్యంగా సన్నని నిలువు వరుసల్లోనూ స్లైడుల్లోనూ, శ్రేయస్కరం.

4. క్రియ ఎక్కడుంది?

లిపిని మించిన ఇబ్బంది వాక్యనిర్మాణంలో ఉంది. దీన్ని ప్రస్తావించే ముందు ఒక ప్రసిద్ధ స్లైడును గుర్తుచేసుకోవాలి. 2003 జనవరి 16న బయలుదేరిన కొలంబియా అంతరిక్ష నౌక ఎడమ రెక్కకు ఒక నురుగు ముక్క తగిలింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే ఇంజినీర్లు ఆ దెబ్బ తీవ్రతను అంచనా వేసి స్లైడులు సమర్పించారు. వాటిలో ఒకదాని శీర్షిక ధైర్యం చెప్పేదిగా ఉంది. తగిలిన ముక్క పరిమాణం 1920 ఘనపుటంగుళాలనీ, పరీక్షల్లో వాడినది 3 ఘనపుటంగుళాలేననీ తెలిపే సమాచారం స్లైడు అట్టడుగున, అతిచిన్న అక్షరాల ఉపాంశంగా ఉండిపోయింది. అంటే పరీక్షించిన దానికంటె తగిలినది 640 రెట్లు పెద్దది. ఫిబ్రవరి 1న నౌక కూలి కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఆ స్లైడు ఒక్కటే ప్రమాదానికి కారణమని ఎవరూ అనలేదు. కానీ ఎడ్వర్డ్ టఫ్టే చేసిన దాని విశ్లేషణను దర్యాప్తు మండలి అదే ఏడాది ఆగస్టులో వెలువడిన తన నివేదికలో చేర్చింది.

అంశాలను బుల్లెట్లుగా ముక్కలు చేసినప్పుడు వాటి మధ్య సంబంధం తెగిపోతుందన్నది టఫ్టే విమర్శ సారం. తెలుగులో ఇంకొక నష్టం కూడా జరుగుతుంది. తెలుగు వాక్యంలో నిర్ణయం చివరి మాటలో ఉంటుంది: పెరిగింది, తగ్గింది, ఉంది, లేదు. బుల్లెటు కోసం వాక్యాన్ని కుదించేటప్పుడు ముందుగా కత్తిరింపుకు గురయ్యేది ఈ చివరి మాటే. "నాట్ల పాటల్లో వాన ప్రస్తావన" అని మిగులుతుంది. ఆ ప్రస్తావన ఉందా, లేదా, పెరిగిందా? స్లైడు చెప్పదు. ఇంగ్లీషులో కర్త పక్కనే క్రియ ఉంటుంది కనుక వాక్యపు తోకను కత్తిరించినా తల మిగలవచ్చు. తెలుగులో తోకలోనే ప్రాణం ఉంది.

అందువల్ల తెలుగు స్లైడుకు శీర్షికగా నామపదం కంటె క్రియతో ముగిసే చిన్న వాక్యం అవసరం. ఆ వాక్యం ఒక పంక్తిలో, తప్పనిసరైతే రెండు పంక్తుల్లో ముగియాలి. రెండు పంక్తులైతే ఎక్కడ విరవాలన్నది రచయితే నిర్ణయించాలి. "కనిపించడం" ఒక పంక్తిలో, "లేదు" మరో పంక్తిలో పడితే వెనుక బెంచీలోని శ్రోత మొదటి పంక్తితోనే తప్పుడు నిర్ణయానికి వచ్చే అవకాశముంది. ఎనిమిది అక్షరాల సమాసాన్ని విడదీసి చెప్పడం తెర మీద తప్పు కాదు. "ఎడమకాలువాయకట్టుగ్రామగేయాలు" అనడం వ్యాకరణరీత్యా ఎలా ఉన్నా, "ఎడమ కాలువ కింది ఊళ్ల పాటలు" అంటేనే కన్ను పట్టుకుంటుంది.

5. త్రిపురారం స్లైడు పునర్నిర్మాణం

మొదట ఊహించుకున్న పరిశోధకురాలి దగ్గరకు తిరిగి వెళ్లవచ్చు. కాలువ రాకముందు పుట్టిన పాటల్లో వాన కోసం ఎదురుచూపు ఉందనీ, తర్వాతి పాటల్లో అది కనబడదనీ ఆమె వాదన అనుకుందాం. వాదన నిలబడుతుందో లేదో ఆమె సేకరణ తేల్చాలి. అది ఎలా కనబడాలన్నదే ఇక్కడి ప్రశ్న.

"పరిచయం" అనే శీర్షిక తీసేసి, "కాలువ తర్వాతి పాటల్లో వాన కోసం ఎదురుచూపు లేదు" అని పెట్టాలి. పొలం ఫోటో వెనుక నుంచి పోవాలి. అది సాక్ష్యమైతే దానికి విడిగా ఒక స్లైడు, కింద ఊరి పేరు, తీసిన తేదీ ఉండాలి. సాక్ష్యం కాకపోతే అసలు అక్కరలేదు. తొమ్మిది పంక్తుల స్థానంలో అడ్డంగా ఒక కాలరేఖ. దాని మీద రెండు గుర్తులు: సాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగిన 1955 డిసెంబర్ 10, కాలువల్లోకి నీరు వదిలిన 1967 ఆగస్టు 4. వానను పిలిచే పాటల మొదటి మాటలు రేఖకు ఎడమవైపున, మిగిలినవి కుడివైపున. ఒక్కొక్క పాటకు ఒక పంక్తి మాత్రమే. ఇప్పుడు ఎడమ, కుడి అనే స్థానమే ముందు, తర్వాత అనే వాదనను చెబుతుంది. సమరేఖ అనే సూత్రం ఇక్కడ సింగారం కోసం కాదు, సాక్ష్యంగా పనిచేస్తోంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. 1967 కాలువలోకి నీరు వదిలిన సంవత్సరం. ప్రతి ఊరి పొలానికీ నీరు అందిన సంవత్సరం కాదు. పైగా పాట ఎప్పటిదన్నది పాడినవారి జ్ఞాపకాన్ని బట్టి తేలే విషయం. 1967 దగ్గర ఒక పదునైన నిలువుగీత గీస్తే, సమాచారంలో లేని ఖచ్చితత్వం బొమ్మలోకి వస్తుంది. గీతకు బదులు కొన్నేళ్ల వెడల్పున్న లేత రంగు పట్టీ పెడితే అనిశ్చితి కూడా కనబడుతుంది. మౌఖిక సాహిత్య పరిశోధనలో ఈ జాగ్రత్త మరీ అవసరం. బొమ్మ నమ్మకంగా కనబడినకొద్దీ సభలో దాన్ని ప్రశ్నించేవారు తగ్గుతారు.

ఈ స్లైడును ఆమె చదవదు, చూపించి మాట్లాడుతుంది. తెర మీది వాక్యాన్నే వక్త యథాతథంగా చదివితే వినడమూ చదవడమూ ఒకదానికొకటి అడ్డుపడతాయని రిచర్డ్ మేయర్ బహుమాధ్యమ అభ్యసన పరిశోధనలు చెబుతున్నాయి. పాట పూర్తి పాఠం శ్రోతల చేతికి కాగితం మీద ఇవ్వవచ్చు. ఒక చరణాన్ని వినిపించగలిగితే ఇంకా మంచిది.

6. పటం, పట్టిక, రంగు

పరిశోధన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటికీ విస్తరిస్తే పటం తప్పదు. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్వ్యవస్థీకరణకు ముందు ఈ మూడూ నల్లగొండ జిల్లాలోనివే. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ సూర్యాపేట జిల్లాలో, మిర్యాలగూడ, త్రిపురారం నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. పాత గ్రంథాల "నల్లగొండ జిల్లా"నూ నేటి నల్లగొండ జిల్లానూ ఒకే రంగుతో చూపితే పాఠకుడు పొరబడతాడు. పాత సరిహద్దును చుక్కల గీతతో, కొత్తదాన్ని నిండు గీతతో చూపాలి. ఊరి పేరును ఊరి పక్కనే రాయాలి. అంకెలు వేసి, ఆ అంకెల వివరణను మూలన పెడితే కన్ను అటూ ఇటూ తిరుగుతూ అలసిపోతుంది. పట్టికకూ ఇదే నియమం. గడుల చుట్టూ నల్లని గీతలన్నీ తీసేసి, శీర్షిక కింద ఒకటి, చివర ఒకటి ఉంచితే అంకెలే ముందుకు వస్తాయి. సమాచారం చెప్పని సిరాను తగ్గించాలని టఫ్టే 1983 నాటి గ్రంథంలోనే సూచించాడు.

రంగు గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. జాల పుటల సౌలభ్య ప్రమాణాలు సాధారణ అక్షరానికి, నేపథ్యానికి మధ్య కనీసం 4.5:1 వెలుగు నిష్పత్తిని, పెద్ద అక్షరాలకు 3:1 నిష్పత్తిని కోరుతున్నాయి. తెలుపు మీద పసుపు ఈ పరీక్షలో నెగ్గదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా గుర్తించలేనివారు ప్రతి సభలోనూ ఉండవచ్చు. అదీగాక సిద్ధాంతగ్రంథం జిరాక్సు అయినప్పుడు అన్ని రంగులూ బూడిదరంగే. తేడాను రంగుతో పాటు గీత రూపంలోనో పేరుతోనో కూడా చెప్పాలి.

7. ఫైలు లోపలి క్రమం

పైకి కనబడే క్రమానికి ఫైలు లోపల ఆధారం ఉండాలి. ప్రతి శీర్షికనూ చేతితో పెద్దది చేసి మందం చేయడం కంటె "హెడింగ్" స్టైళ్లను వాడితే పునరావృత్తి దానంతటదే వస్తుంది; విషయసూచిక పుట సంఖ్యలతో సహా తయారవుతుంది. వర్డ్‌లో తెలుగు "కాంప్లెక్స్ స్క్రిప్ట్" కింద లెక్క. స్టైలును మార్చేటప్పుడు లాటిన్ అక్షరాల ఫాంటు, పరిమాణం ఒకచోట, కాంప్లెక్స్ స్క్రిప్ట్‌వి మరోచోట ఇవ్వాలి. ఈ సంగతి తెలియక "పరిమాణం మార్చినా మారడం లేదు" అని విసుగెత్తి, మళ్లీ చేతిపనికే దిగే పరిశోధకులు ఎందరో.

యూనికోడ్ తొలి సంచికలోనే, 1991లో, తెలుగుకు స్థానం దొరికింది. అయినా డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల వాడకం కొనసాగుతోంది. ముద్రణకు అవి అందంగానే ఉంటాయి. ఆ పాఠాన్ని వేరేచోట అతికిస్తే మాత్రం లాటిన్ గుర్తుల గజిబిజి మిగులుతుంది, వెతికితే ఒక్క తెలుగు మాట దొరకదు. సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు సమర్పించాలని యూజీసీ 2009 నిబంధనలు కోరిన తర్వాత శోధ్‌గంగలో చేరుతున్న గ్రంథాలకు ఇది చిన్న లోపం కాదు. కన్ను చదవగలిగి యంత్రం చదవలేని గ్రంథాన్ని భవిష్యత్ పరిశోధకుడు వెతికి పట్టుకోవడం కష్టం.

సదస్సు రోజున ఇంకో ఆపద పొంచి ఉంటుంది. వేదిక మీది కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే పవర్‌పాయింట్ మరొకదాన్ని తెచ్చిపెడుతుంది; పంక్తులు జారి, శీర్షిక బొమ్మ మీదకు వస్తుంది. విండోస్ పవర్‌పాయింట్‌లో భద్రపరచే ఎంపికల్లో ఫాంటును ఫైలులోనే పొదిగే వీలుంది. పీడీఎఫ్ ప్రతి ఒకటి వెంట ఉంచుకోవడం దానికి తోడు. సభ మొదలయ్యే ముందు, గది ఖాళీగా ఉన్నప్పుడే ఆ ఫైలును ఆ కంప్యూటరులోనే తెరిచి, దీపాలు వెలిగించి, కిటికీలు తెరిచి ఉంచి, చివరి బెంచీ దాకా ఒకసారి నడిచి వెళ్లి చూడాలి.